రంగులద్దిన యంత్రచిత్రములు

పాత నూలుమిల్లుల చిత్రములను మీలో పలువురు చూచియే యుందురు. చరిత్ర గ్రంథములలోను, ప్రదర్శనశాలల గోడలమీదను, ఒక్కొక్కప్పుడు ఇండ్లలో అద్దపు చట్రములలోను అవి కానవచ్చుచుండును. పొడవైన గది, ఇనుప స్తంభముల వరుస, పైకప్పు క్రింద తిరుగుచున్న ఇరుసు, దానినుండి దిగిన తోలుపట్టాలు, వాని క్రింద బారులు తీరిన మరమగ్గములు, మగ్గముల నడుమ పొందికగా దుస్తులు ధరించిన స్త్రీలు. ఒకతె గౌను ఎఱ్ఱన, మఱియొకతెది నీలము. కిటికీలనుండి లేతపసుపు వెలుగు నేలమీద పడుచుండును. చూచినవారు ఆనాటి మిల్లు ఇట్లుండెడిది కాబోలునని తలపోసి ముందునకు సాగుదురు.

అట్లు తలపోయుటకు ముందు తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు. ఆ చిత్రము ఒక్కచేతి పని గాదు. గీసినవాడొకడు, దానిని లోహముపై చెక్కినవాడొకడు, రంగు పూసినవాడు వేఱొకడు. మొదటి యిద్దఱు సుమారు రెండువందల యేండ్ల క్రిందటివారు. మూడవవాడు నిన్నమొన్నటివాడైనను కావచ్చును. గీత చెప్పు సాక్ష్యము వేఱు, రంగు చెప్పు సాక్ష్యము వేఱు. ఈ రెంటిని విడదీసి చూచుట యెట్లో, అట్లు చూడవలసిన యవసరమేమో ఈ ప్రసంగమున విన్నవించెదను.

ఛాయాచిత్రణము లోకమునకు వెల్లడియైనది 1839లో. అంతకుముందు యంత్రమొకటి యెట్లుండునో దూరదేశమువారికి తెలుపవలెనన్న చెక్కుడు చిత్రమే సాధనము. ఫ్రాన్సుదేశమున దిదెరో, దలాంబేరు అను పండితులు వెలువరించిన మహావిజ్ఞానకోశమునకు 1762 మొదలు 1772 వఱకు పదునొకండు చిత్రసంపుటములు వెలువడినవి. వృత్తులకు సంబంధించిన ఫలకములలో తఱచుగా పైభాగమున పనివారితో కూడిన కార్యశాల, క్రిందిభాగమున పనిముట్లు విడివిడిగా, ఒక్కొక్కదానికి ఒక్కొక్క అక్షరపు గుఱుతు ఉండును. మేజోళ్లల్లు యంత్రము ఆ సంపుటములలో అంగాంగముగా విప్పి చూపబడినది. ఆ యంత్రమును గుఱించిన వ్యాసమును దిదెరోయే స్వయముగా వ్రాసెను. ఇంగ్లండులో ఆబ్రహాము రీస్ సంపాదకత్వమున 1802 మొదలు 1820 వఱకు వెలువడిన విజ్ఞానకోశమునకు జాన్ ఫేరీ యంత్రపటములు గీయగా, విల్సన్ లౌరీ వానిని చెక్కెను. బెల్పర్ పట్టణమున స్ట్రట్ కుటుంబమువారు కట్టించిన నూలుమిల్లును నిలువున కోసినట్లు చూపు పటము ఆ గ్రంథమునందే యున్నది. ఏ యంతస్తున ఏ యంత్రముండెనో, జలచక్రపు బలము పైయంతస్తులకు ఏ యిరుసుల గుండ పోయెనో దానిని చూచి నేటికిని చెప్పవచ్చును.

ఇట్టి చిత్రము తయారగు విధము ఇది. చిత్రకారుడు కాగితముపై గీసినదానిని చెక్కుడుపనివాడు నున్నని రాగిరేకుమీద కుడియెడమలు తాఱుమాఱుగా ఎక్కించును. తరువాత మొనగల ఉక్కుములుకుతో గీతలను తొలుచును. కొన్నిచోట్ల ఆమ్లముచేత తినిపించును. చీకటి కావలసినచోట గీతలు దట్టముగాను లోతుగాను ఉండును. వెలుగు కావలసినచోట పలుచనగును, లేదా అసలే యుండవు. రేకంతట సిరా రుద్ది, పైని తుడిచివేసినచో, గాళ్లలోని సిరా మాత్రము నిలుచును. తడిపిన కాగితమును దానిపై పఱచి బరువైన రోలరుల నడుమ నడిపినచో, ఆ సిరా కాగితమున కెక్కును. రాగి మెత్తని లోహమగుటచే కొన్ని వందల ప్రతులు తీయగానే సన్నగీతలు అరుగనారంభించును. 1820 తరువాత ఉక్కురేకులు వాడుకలోనికి వచ్చినవి. వానిపై వెండ్రుకవంటి గీతలు గీయవచ్చును, వేలకొలది ప్రతులు తీయవచ్చును. లౌరీ వజ్రపు మొనతో సమదూరమున గీతలు గీయు యంత్రమునే కల్పించెను. పైకప్పు, గోడ, నున్నని ఇనుము మున్నగువాని ఛాయ ఆ గీతలవలన నెమ్మదిగా తేలును. ఒక్కమాటలో చెప్పినచో, ఈ చిత్రమున వెలుగునీడలన్నియు గీతలోనే యున్నవి. రంగు లేకున్నను అది సంపూర్ణమైన చిత్రమే.

ఇక అన్నిటికంటె ఎక్కువగా ప్రతికృతులు పొందిన చిత్రముల సంగతి. లీడ్సు పట్టణమున వార్తాపత్రిక నడపిన చిన్న ఎడ్వర్డ్ బేన్సు 1835లో గ్రేట్ బ్రిటను నూలుపరిశ్రమ చరిత్రను వెలువరించెను. దానికి థామస్ ఆలం అను చిత్రకారుడు మిల్లు లోపలి దృశ్యములు గీసెను. దూది యేకుట, ఏకులు సాగదీయుట, మ్యూల్ యంత్రముపై నూలు వడకుట, మరమగ్గములపై నేయుట, బట్టపై అద్దకము ముద్రించుట, ఇట్లు పరిశ్రమయందలి ప్రధానక్రియలు వరుసగా కన్నులకు కట్టును. ఇవి ఉక్కురేకుల చిత్రములు. గ్రంథమున నలుపుతెలుపులతోనే వెలువడినవి. ఇప్పుడు మనకు కనబడు ఎఱ్ఱగౌనులు, నీలపుగౌనులు తరువాతి చేతుల చలువ.

వీనిలో మ్యూల్ చిత్రమును కొంచెము నిదానించి చూడవలెను. ఈ యంత్రమును 1779లో సామ్యూల్ క్రాంప్టన్ కనిపెట్టెను. హార్‌గ్రీవ్సు జెన్నీయందలి కదిలెడు బండిని, ఆర్క్‌రైటు యంత్రమందలి సాగదీయు రోలరులను ఇందు కలిపినందున, రెండు జాతులకు పుట్టిన కంచరగాడిద పేరు దీనికి వచ్చినది. కదుళ్ల వరుసను మోయు బండి చక్రములమీద సుమారు 5 అడుగులు వెలుపలికి వచ్చును. వచ్చునప్పుడు నూలు సాగి పురి యెక్కును. మరల లోపలికి పోవునప్పుడు ఆ నూలు కదుళ్లకు చుట్టుకొనును. రిచర్డ్ రాబర్ట్సు 1825, 1830 సంవత్సరములలో పొందిన పేటెంట్లవలన బండి తనంతట తానే పోయివచ్చుట సాధ్యమైనది. బండి వెలుపల నున్న క్షణమున వందలకొలది పోగులు నేలకు కొంచెమెత్తున పందిరివలె పఱచుకొనియుండును. ఆలం చిత్రమున ఆ పోగుల పందిరి క్రింద ఒక బిడ్డ వంగి దూరి, రాలిన దూదిపింజలను ఊడ్చుచున్నది. బండి తిరిగి వచ్చులోపల ఆ బిడ్డ వెలుపలికి రావలెను. నిమిషమునకు పలుమాఱులు ఇదియే వరుస.

1833లో బ్రిటిషు పార్లమెంటు చేసిన శాసనము తొమ్మిదేండ్లు నిండని బిడ్డలను నూలుమిల్లులలో పనికి పెట్టరాదనెను. తొమ్మిది మొదలు పదుమూడేండ్ల లోపువారి పనిని వారమునకు 48 గంటలకు పరిమితము చేసెను. తనిఖీకై నలుగురు అధికారులను నియమించెను. చిత్రము వెలువడినది శాసనమునకు రెండేండ్ల తరువాత. ఆ బిడ్డ వయస్సెంతయో గీత చెప్పదు. బేన్సు మిల్లుయజమానుల పక్షమున వాదించిన గ్రంథకర్త. ఆయన గ్రంథమున మిల్లు శుభ్రముగాను, విశాలముగాను, నెమ్మదిగాను కనబడుటలో వింత లేదు. గాలిలో తేలు నూగు, చెవులు చిల్లులుపడు మ్రోత, ఉక్కపోత ఇవి ఉక్కుములుకునకు అందునవి గావు, అందినను ఆ పుస్తకమునకు కావలసినవి గావు. అయినను చిత్రకారుడు బిడ్డను విడువలేదు. యంత్రము పనిచేయు విధమును ఉన్నదున్నట్లు చూపవలెనన్న బిడ్డ లేకుండ చూపుట కుదరదు గదా!

ఇప్పుడు రంగు మాటకు వత్తము. చెక్కుడు చిత్రములకు చేతితో రంగులద్దుట క్రొత్త ఆచారము గాదు. జార్జి వాకర్ 1814లో యార్కుషైరు ప్రజల వేషములను, వృత్తులను చూపుచు వెలువరించిన గ్రంథమున ఫలకములు చేతిరంగులతోనే పాఠకులకు చేరినవి. అందు ఉన్నిబట్టకు మెఱుగుపెట్టు పనివారును ఉన్నారు, మిల్లునకు పోవు పిల్లలును ఉన్నారు. ఆ రంగులు ఆ కాలపువే గావున బట్టల వన్నెను గుఱించి కొంత సాక్ష్యము పలుకగలవు. ఆనాటి లండనులో ఈ పని జరిగిన తీరు కూడ గమనింపదగినది. ముందుగా ఒక ప్రతికి రంగులు పూసి మాదిరిగా ఎదుట నుంచెడివారు. బల్లచుట్టు కూర్చున్నవారిలో ఒకరు నీలము, ఒకరు ఎఱుపు, ఒకరు పసుపు తమతమ పాలికి వచ్చినచోట పూసి ప్రక్కవారికి అందించెడివారు. ఆ పనివారిలో స్త్రీలు, పిల్లలు ఎక్కువ. మిల్లునందలి పనివిభజనయే రంగులగదిలోను ఉండెడిదన్నమాట. చిత్రపు క్రిందియంచున ఎడమవైపు గీసినవాని పేరు, కుడివైపు చెక్కినవాని పేరు ముద్రించుట వాడుక. రంగు పూసినవారి పేరునకు చోటు లేదు.

నేడు ప్రతికృతి చేయువారు మూలచిత్రమును ఛాయాగ్రహణముచేతనో, స్కానరుచేతనో తీసికొని మంచి కాగితముపై ముద్రింతురు. కాగితమునకు సరేసు పట్టింపు చాలకున్నచో రంగు ఇంకి మరకలు కట్టును. కావున ముందుగా అట్టి కాగితమునకు పలుచని సరేసునీటిలో పటిక కలిపి పూయుట కలదు. రంగులు నీటిరంగులు, తుమ్మబంకతో కూర్చినవి. మంచి పనివాడు వానిని మిక్కిలి పలుచగా పూయును. నీడ యంతయు గీతయందే యున్నదని చెప్పితిని గదా! కావున అతడు నీడ దిద్దనక్కఱలేదు. ఒక పలుచని పొర చాలును, గీత దానిలోనుండి మెఱయుచుండును. తెల్లసుద్ద కలిపిన దట్టమైన రంగు పూసినచో గీతలు పూడిపోవును. చక్రపు పండ్లు ఎన్నియో, పట్టా ఏ కప్పీమీదనుండి పోవుచున్నదో తెలియకుండపోవును. చిత్రమునకు ప్రాణమే అది.

ఏ భాగమునకు ఏ రంగు వేయవలెనను ప్రశ్నకు పంతొమ్మిదవ శతాబ్దపు ఇంజనీర్లే ఒక త్రోవ చూపిరి. వారు తమ పటములలో పోతయినుమునకు బూడిదవన్నె, సాగగొట్టిన యినుమునకు నీలము, ఉక్కునకు ఊదా, ఇత్తడికి పసుపు వేసెడివారు. ఈ వాడుకను ఎఱిగిన చిత్రకారుడు మగ్గపు చట్టము, ఇరుసు, ఇత్తడి బొడిపెలు, తోలుపట్టా, కఱ్ఱతో చేసిన భాగములు వేటికవి తెలియునట్లు రంగులద్దగలడు. అట్టి చిత్రము నలుపుతెలుపుల మూలముకంటె సులభముగా బోధపడును. చిక్కుపడిన యంత్రములో ఒక భాగమునుండి మఱియొక భాగమునకు బలము ప్రాకు త్రోవను కన్ను ఇట్టే పట్టుకొనును. బడిపిల్లలకు యంత్రము నేర్పుటకు ఇంతకంటె మంచి సాధనము అరుదు. ఇది రంగుచేయు మేలు.

కీడు కూడ దానిప్రక్కనే యున్నది. రంగు కంటిని ఆజ్ఞాపించును. ఎచ్చట ఎఱుపున్నదో చూపు అచ్చటికే ముందు పోవును. మ్యూల్ చిత్రమునే తీసికొందము. పోగుల క్రింది బిడ్డ చొక్కాకు ఎఱ్ఱరంగు పూసినచో, గదియంతయు ఆ బిడ్డచుట్టు తిరుగును. అదే చొక్కాకు నేలవన్నె పూసినచో, బిడ్డ నేలలో కలిసిపోవును. గోడకు వ్రేలాడదీసిన చిత్రమును పదియడుగుల దూరమునుండి చూచువానికి అచ్చట బిడ్డ యొకడున్నాడనియే తోపదు. రెండుచోట్లను గీత ఒక్కటే. మూలమునకు ఒక్క చుక్కయైన చేర్చలేదు, తీసివేయలేదు. చరిత్ర మాత్రము రెండు విధములుగా పలికినది. అట్లే గదిలోని గాలికి స్వచ్ఛమైన పసుపువెలుగు పూసినచో మిల్లు పూలతోటవలె తోచును. ధూసరవర్ణమున ముంచినచో చెఱసాలవలె తోచును. ఇవి రెండును పూసినవాని తలంపులు. అతని తలంపు తప్పని నేననను. అది 1835 నాటిదని మనము భ్రమపడరాదని మాత్రమే నా మనవి.

ఈ భ్రమ తొలగుటకు చిన్నచిన్న పరీక్షలు కొన్ని కలవు. లోహఫలకమునుండి నేరుగా తీసిన పాతప్రతియైనచో, అంచులు కత్తిరింపబడకున్న యెడల, రేకు అదిమిన గాడి కాగితముచుట్టు కనబడును. గీతమీద వ్రేలు మెల్లగా ఆనించినచో సిరా ఉబ్బెత్తుగా తగులును. భూతద్దముతో చూచినప్పుడు గీత గీతగానే యుండును. ఇప్పటి ముద్రణమైనచో సాధారణముగా గీతకు మాఱుగా చుక్కల వరుస కనబడును. రంగుసంగతి ఇంకొక విధము. గీత దాటి కొంచెము పొరలిన రంగు, ఒకచోట చిక్కబడి మఱియొకచోట పలుచబడిన పూత చేతిపనికి గుఱుతులు. రంగులోను చుక్కలే కనబడినచో, అది చేతిరంగు గాదు, చేతిరంగునకు ముద్రణ. పాతప్రతికి క్రొత్తరంగు పూయుటయు కలదు. కాగితము పాతదైనంతమాత్రాన రంగు పాతదనుకొనరాదు.

మన తెలుగువారికి ఈ చిత్రములతో దగ్గఱి సంబంధము కూడ ఒకటి కలదు. బేన్సు గ్రంథమున అద్దకపు మిల్లు చిత్రమున్నదని చెప్పితిని. ఇంగ్లండున ఆ అద్దకము పుట్టినదే మన తూర్పుతీరపు బట్టలను అనుకరించుటకు. ఇంగ్లీషు కంపెనీవారు 1611లో మచిలీపట్టణమున కోఠీ పెట్టినది మొదలు ఇచ్చటి రంగులబట్టలు వారి ఓడలకెక్కినవి. ఆ బట్టల వన్నెకు అచ్చటి జనులు ఎంతగా ముగ్ధులైరనగా, తమ నేతగాండ్ర జీవనము చెడుచున్నదని పార్లమెంటు 1700లో రంగులద్దిన ఆసియా నూలుబట్టల ధారణమును నిషేధించెను. 1721లో ఇంగ్లండున అద్దిన నూలుబట్టలలోను చాలవానిని కట్టరాదనెను. 1774లో గాని స్వదేశపు నూలుబట్టలపై ఆ నిర్బంధము తొలగలేదు. తొమ్మిదేండ్లకే, 1783లో, థామస్ బెల్ రోలరు అద్దకపు యంత్రమునకు పేటెంటు పొందెను.

ఆ యంత్రమేమో చూడుడు. రాగిరోలరుపై చిత్రమును గాళ్లుగా చెక్కుదురు. రంగుతొట్టిలో అది తిరుగును. పైని మిగిలిన రంగును ఉక్కుబద్ద యొకటి గీకివేయును. గాళ్లలోని రంగు బట్టకెక్కును. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రోలరు. పుస్తకమందలి చిత్రమును చెక్కి, సిరా నింపి, తుడిచి, ఒత్తిన విధమునకును దీనికిని భేదము మిక్కిలి స్వల్పము. బట్టమీద గజములకొలది రంగుల పూలు దించిన ఆ యంత్రపు చిత్రమే పుస్తకమున రంగులేకుండ వెలువడినది. కాగితముమీద దానికి రంగు రావలెనన్న మరల మనుష్యుని చేయి, కుంచె కావలసివచ్చినవి.

శ్రీకాళహస్తిలో కలముపట్టి పనిచేయువారి వరుసను తలచుకొనుడు. బట్టను కరక్కాయనీటిలోను పాలలోను తడిపి యారవేయుదురు. తుప్పినుము, బెల్లము ఊరవేసిన నీటితో ముందు నల్లని గీత గీయుదురు. ఎఱుపు కావలసినచోట పటికనీరు పూయుదురు. చిరివేరు ఉడికించిన నీట ముంచినప్పుడు పటిక తగిలినచోటనే ఎఱుపు పట్టును. తక్కిన రంగులు తరువాత వచ్చును. ముందు నల్లగీత, పిమ్మట చేతిరంగు. నూలుమిల్లు చిత్రమునకు రంగులద్దువాడు నడుచునదియు ఈ త్రోవయే. భేదమొక్కటి. కాళహస్తి పనివాడు తాను గీసిన గీతకే తాను రంగు వేయును, కావున రెంటికిని అతడే జవాబుదారి. యంత్రచిత్రమునకు రంగు వేయువాడు పరుని గీతమీద, పరకాలపు సంగతిమీద తన చేయి వేయుచున్నాడు. అతనికి బాధ్యత యెక్కువ.

కావున ఇట్టి ప్రతికృతులు చేయువారు, ప్రచురించువారు, గోడకు తగిలించు ప్రదర్శనశాలలవారు ఒక చిన్న నియమము పాటించిన చాలును. చిత్రము క్రింద గీసినవాని పేరు, చెక్కినవాని పేరు, మూలగ్రంథము, సంవత్సరము ఎట్లు వ్రాయుదురో, అట్లే రంగు పూసినవారి పేరును, పూసిన సంవత్సరమును వ్రాయవలెను. అందువలన రెండు మేళ్లు. చూచువాడు మోసపోడు. ఆ యజ్ఞాతపు చేతికి ఇన్నాళ్లకు ఒక పేరు దక్కును.

మీకును ఒక మనవి. ఇకమీద రంగుల నూలుమిల్లు చిత్రమేదైన కంటబడినప్పుడు రంగును ఒక్కక్షణము మఱచి ముందు గీతను చదువుడు. బలము ఎచ్చటనుండి వచ్చుచున్నది, ఏ పట్టా దేనిని త్రిప్పుచున్నది, ఎవరు నిలిచియున్నారు, ఎవరు వంగియున్నారు అని వరుసగా చూడుడు. ఆ తరువాత రంగు ఎవరిని ముందునకు తెచ్చినదో, ఎవరిని వెనుకకు నెట్టినదో గమనింపుడు. అది మ్యూల్ చిత్రమైనచో, పోగుల క్రింద నేలవైపు తప్పక చూడుడు. బిడ్డ అచ్చటనే యుండును.